ఈమధ్య ఏమి చదువుతున్నారు?

వయసు మళ్ళినవారు నా దగ్గరకు వచ్చినప్పుడు ఆకలి ఎలా ఉంది, నిద్ర పడుతోందా, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి అని అడుగుతాను. ఇవి ఏ వైద్యుడైనా అడిగేవే. వాటి తరువాత, చదువు వచ్చినవారినైతే, మరొక ప్రశ్న కూడా తప్పకుండా అడుగుతాను: "ఈమధ్య ఏమి చదువుతున్నారు?" చాలామంది దీనిని పలకరింపు అనుకుని నవ్వి ఊరుకుంటారు. నాకు మాత్రం అది నాడి చూడడం వంటిది. ఒకప్పుడు వారపత్రిక ఇంటికి రాగానే అందరికంటే ముందు తానే అందుకున్న మనిషి, "ఇప్పుడేమి చదువుతామండీ, వయసైపోయింది" అన్నారంటే నేను ఆ జవాబుతో తృప్తి పడను. ఎప్పటినుంచి మానేశారు, అక్షరాలు కనబడకనా, చదివినది గుర్తుండకనా, మనసు నిలవకనా అని తరచి తరచి అడుగుతాను.

వయసు దానంతట అది చదువును మాన్పించదు. మూడు దశాబ్దాలకు పైబడిన ప్రభుత్వ వైద్య సేవలోనూ, పదవీ విరమణ తరువాతి ఈ కాలంలోనూ నేను గట్టిగా గమనించిన సంగతి ఇది. చదవడం మానేసిన మనిషి వెనుక సాధారణంగా ఒక కారణం ఉంటుంది. అది శుక్లం కావచ్చు, సరిపడని కళ్ళజోడు కావచ్చు, చాలని వెలుతురు కావచ్చు, ఎవరికీ చెప్పుకోని దిగులు కావచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉన్నది. అందువల్ల ఈరోజు నా చదువు అలవాట్ల గురించి, ఆ చదువును దక్కించుకోవడానికి నేను తీసుకుంటున్న జాగ్రత్తల గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకోదలచాను.

పుస్తకాల పిచ్చి పట్టిన విధం

మాది చీరాల దగ్గర ఒక పల్లె. నాన్నగారు బడిపంతులు. మా ఊరినుంచి నడిచిపోగలిగినంత దూరంలో వేటపాలెం, అక్కడ సారస్వత నికేతనం. 1918లో ఆరంభమైన ఆ గ్రంథాలయం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆదివారాలు నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళేవారు. ఆయన పాత పత్రికల సంపుటాలు ముందు వేసుకుని కూర్చుంటే, నేను 'చందమామ' పట్టుకుని ఒక మూల కూర్చునేవాణ్ణి. మగ్గం పని ముగించుకుని వచ్చిన నేతపనివారు కూడా పక్క బల్లమీద పత్రిక చదువుతూ కనిపించేవారు. చదవడం అన్నది ఉద్యోగస్తుల సొత్తు కాదని నాకు అక్కడే తెలిసింది.

ఆ రోజులలో మన ప్రాంతంలో పుస్తకం మనిషిని వెతుక్కుంటూ వచ్చేది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు పూనుకుని 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువమీద పడవలో పుస్తకాలు వేసి పంపించారు. పడవ ప్రయాణంలో పొద్దుపోని రైతుకు చేతిలో పుస్తకం పెట్టాలని ఆలోచించిన మనుషులు వారు. ఆ కథలు నాన్నగారి నోట విన్నప్పటినుంచి, ఖాళీ సమయం చేతిలో పుస్తకం లేకుండా గడిచిపోతే ఏదో అపచారం చేసినట్లు ఉంటుంది నాకు.

గుంటూరు వైద్య కళాశాలలో చేరిన తరువాత పాఠ్యగ్రంథాల బరువుకు మిగిలిన చదువు అణగిపోతుందని భయపడ్డాను. అణగిపోలేదు. రాత్రి డ్యూటీలో కేసుకూ కేసుకూ మధ్య దొరికే అరగంటలో ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, మాస్కోనుంచి వచ్చిన రష్యన్ నవలల తెలుగు అనువాదాలు చదువుకున్నాను. తరువాత పల్లెటూళ్ళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసిన ఏళ్ళలో సాయంత్రమయ్యేసరికి కరెంటు పోయేది. లాంతరు వెలుగులో చదివాను. ఈ మాట వినగానే, "అందుకేనేమో ఇప్పుడు కళ్ళజోడు" అంటారు కొందరు. మసక వెలుతురులో చదివితే కళ్ళు అలసిపోతాయి, తల నొప్పి పుడుతుంది. అంతేకాని, కన్ను దానివల్ల పాడైపోదు. ఎక్కువగా చదివితే కళ్ళు అరిగిపోతాయన్న మాటలో కూడా నిజం లేదు. పిల్లల విషయం కొంచెం వేరు. ఆరుబయట ఆటలు లేకుండా పొద్దస్తమానం దగ్గరి వస్తువులనే చూసే పిల్లలలో హ్రస్వదృష్టి ఎక్కువగా వస్తోంది. వారికి పుస్తకం మాన్పించనక్కరలేదు, రోజూ ఎండలో ఆడుకోనిస్తే చాలు.

నా రోజువారీ చదువు

ఇప్పుడు నాకు డెబ్బై అయిదేళ్ళు. ఉదయం నడక ముగించి, కాఫీ తాగి, వార్తాపత్రిక తెరవకముందే ఒక గంట గట్టి పుస్తకం చదువుతాను. వార్తలతో మొదలుపెడితే మనసు చెదిరిపోయి, తరువాత పట్టుమని పది పేజీలు సాగవు. ఆ గంటలో చరిత్ర, ఆత్మకథ, సైన్సు, ఏదైనా సరే, ఆగి ఆలోచించవలసిన పుస్తకమే తీసుకుంటాను. మధ్యాహ్నం భోజనం తరువాత ఒక చిన్న కథ. సత్యం శంకరమంచిగారి 'అమరావతి కథలు' ఇందుకు నాకు బాగా నచ్చిన మందు. నూరు కథలు, ఒక్కొక్కటి కొద్ది పేజీలే. రోజుకొకటి చొప్పున చదివితే మూడు నెలల పైచిలుకు వస్తాయి. కంటికి శ్రమ లేదు, మనసుకు కృష్ణ ఒడ్డున కూర్చున్నంత హాయి.

రాత్రి పడుకోబోయే ముందు ఇదివరకు చదివిన పుస్తకాన్నే మళ్ళీ తెరుస్తాను. తరువాత ఏమవుతుందోనన్న ఆత్రుత ఉండదు కనుక నిద్ర చెడదు. అలా మళ్ళీ మళ్ళీ చదివిన వాటిలో బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' ఒకటి. అందులో దయానిధి వైద్యుడు. విద్యార్థిగా ఉన్నప్పుడు అతణ్ణి వైద్యుడనే కారణంగానే ఇష్టపడ్డాను. నలభై ఏళ్ళ వయసులో చదివినప్పుడు అతని ఒంటరితనం కనిపించింది. మొన్న చదివినప్పుడు, కొడుకు జీవితమంతా నీడలా వెంటాడిన ఆ తల్లి గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. పుస్తకం అదే, అక్షరాలూ అవే. చదివేవాడి వయసు కూడా పుస్తకంలో ఒక పాత్ర అవుతుందేమో.

నా వృత్తివాడైన డాక్టర్ కేశవరెడ్డిగారంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాసినవారు ఆయన. 'అతడు అడవిని జయించాడు' చిన్న నవల. తప్పిపోయిన పందికోసం ఒక ముసలివాడు అడవిలో గడిపిన రాత్రి. వయసు ఉడిగిన శరీరం ఎంతవరకు ఓర్చుకోగలదో, ఎక్కడ ఓడిపోతుందో ఆయన రాసిన తీరు చూస్తే, రోగి మంచం పక్కన ఎన్నో రాత్రులు నిలబడిన మనిషి రాసినదని తెలిసిపోతుంది. వైద్య విద్యార్థులున్న ఇంట్లో ఆయన పుస్తకం ఒకటైనా ఉండాలని నా కోరిక.

చదివిన ప్రతి పుస్తకానికీ ఒక నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాసిపెట్టుకుంటాను. ఎప్పుడు చదివాను, ఏమి అనిపించింది, అంతే. పాత్రల పేర్లు మరచిపోవడం ఈ వయసులో సహజం. పేరు మరచిపోయినందుకు బెంగపడనక్కరలేదు. అయితే నిన్న చదివిన కథ చదివినట్లే గుర్తులేకపోవడం, అదే వాక్యం పదిసార్లు చదివినా అర్థం తలకెక్కకపోవడం నెలల తరబడి సాగితే మాత్రం వైద్యునికి చూపించుకోవాలి. మతిమరుపు జబ్బు ఒక్కటే కారణమని భయపడకండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, వినికిడి తగ్గడం, నిద్రలేమి, మానసికమైన కుంగుబాటు, వాడుతున్న కొన్ని మందులు, ఇవన్నీ మనసును నిలవనీయవు. ఇవి పరీక్షలకు దొరికేవి, సరిచేయగలిగినవి.

మా అక్కయ్య పుస్తకాలు

నన్ను చదివించినది బడి అయితే, చదువంటే ఇష్టం పెంచినది మా అక్కయ్య. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. పెద్ద చదువులు చదవకపోయినా పత్రికలను వదిలేది కాదు. వారపత్రికలలో వచ్చే సీరియళ్ళ పేజీలను జాగ్రత్తగా విడదీసి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి అట్ట వేసేది. ఇటువంటి కుట్టు పుస్తకాలు ఆ కాలంలో మీ ఇళ్ళలో కూడా ఉండే ఉంటాయి. ఒకరి ఇంట్లో కుట్టిన నవల వీధి వీధంతా తిరిగి, మొదటి పేజీ, చివరి పేజీ చిరిగిపోయి తిరిగివచ్చేది. మాలతీ చందూర్‌గారు 'పాత కెరటాలు' శీర్షికలో పరిచయం చేసిన ఇంగ్లీషు నవలల కథలు మా అక్కయ్య నాకంటే బాగా చెప్పేది.

కొన్నేళ్ళ కిందట తెనాలినుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, అమ్మకు మతిమరుపు మొదలైనట్లుంది. పుస్తకం తెరిచి పెట్టుకుని గంటల తరబడి ఒకే పేజీ చూస్తూ కూర్చుంటోంది. ఏమిటమ్మా అంటే చదువుతున్నానంటుంది" అన్నాడు. వెళ్ళాను. అక్కయ్య ఎదుట పోతన భాగవతం, గజేంద్రమోక్షం తెరిచి ఉంది. చదవమన్నాను. పద్యాలు గడగడ చదివింది, ఎక్కడా తడబడలేదు. పద్యం కింద చిన్న అక్షరాలతో ఉన్న తాత్పర్యం చదవమన్నాను. ఆగిపోయింది. కాసేపటికి, "ఈ అచ్చు బాగాలేదురా" అన్నది. అచ్చు బాగానే ఉంది. పద్యాలు ఆమెకు కంఠస్థం. మతిమరుపు అని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్న మనిషి, జ్ఞాపకశక్తి బలంతోనే చూపు లేని లోటును అందరినుంచీ దాచుకుంది. ఎందుకు దాచావని అడిగితే, "ఆపరేషన్ అంటారు, పిల్లవాడికి సెలవులు, ఖర్చు, ఇంకెన్నాళ్ళు బతుకుతానని" అన్నది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరి ఉన్నాయి. నెల తేడాతో రెండు కళ్ళకూ శస్త్రచికిత్స జరిగింది. ఒక్కొక్కటి అరగంట పని కూడా కాదు. ఆ తరువాత చదువుకోవడానికి కళ్ళజోడు ఇచ్చారు. వారం తిరగకుండా ఆవిడే ఫోను చేసి, "తమ్ముడూ, ఈ పుస్తకంలో ఇన్ని అచ్చుతప్పులున్నాయని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదురా" అన్నది. వైద్యుడిగా ఎన్నో కృతజ్ఞతలు అందుకున్నాను కాని, ఆ ఫిర్యాదు విన్నంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసినవి రెండు. శుక్లం తీసి అమర్చే కృత్రిమ కటకం సాధారణంగా దూరపు చూపుకు సరిపోయేటట్లు పెడతారు. కనుక చదవడానికి మళ్ళీ అద్దాలు అవసరం కావచ్చు. "ఆపరేషన్ చేయించుకున్నా అక్షరాలు కనబడడం లేదు" అని నిరాశపడేవారిలో చాలామందికి కావలసినది ఆ అద్దాలే. రెండవది ఇంకా విచిత్రమైనది. అరవై దాటిన కొందరు ఒకరోజు ఉన్నట్టుండి, "నాకు చత్వారం పోయింది, కళ్ళజోడు లేకుండానే పేపరు చదువుతున్నాను" అని సంబరపడతారు. కంటి కటకం లోపలిభాగం గట్టిపడి దాని శక్తి మారడంవల్ల వచ్చే తాత్కాలికమైన మార్పు ఇది. శుక్లం మొదలైందనడానికి గుర్తు. సంబరం పక్కనపెట్టి నేత్ర వైద్యునికి చూపించుకోవాలి.

నా ఎడమ కన్ను

అక్కయ్యకు శస్త్రచికిత్స చేయబోయే ముందు జరిపిన పరీక్షలలో శుక్లాలతో పాటు మరొకటి కూడా బయటపడింది. కంటిలో పీడనం ఎక్కువగా ఉంది, దృష్టి నాడి దెబ్బతింటోంది. నీటికాసులు అని మన పెద్దలు పిలిచిన గ్లాకోమా. ఆ నేత్ర వైద్యురాలు రిపోర్టునుంచి తలెత్తి, "తోబుట్టువులు ఎవరైనా ఉన్నారామ్మా?" అని అక్కయ్యను అడిగారు. పక్కనే నిలబడి ఉన్నాను నేను.

ఈ జబ్బు కుటుంబాలలో నడుస్తుంది. తల్లిదండ్రులలో, తోబుట్టువులలో ఒకరికి ఉంటే మిగిలినవారికి వచ్చే అవకాశం పెరుగుతుంది. నేనూ పరీక్ష చేయించుకున్నాను. పీడనం చూశారు, దృష్టి నాడిని చూశారు, ఒక గిన్నెవంటి యంత్రంలో గడ్డం ఆనించి చుక్కలు కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కుడి కన్ను బాగుంది. ఎడమ కంటి చూపులో ముక్కువైపు పైభాగం కొంత పోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. రెండు కళ్ళూ కలిసి చూస్తున్నప్పుడు ఒక కన్ను లోటును రెండవది పూడ్చివేస్తుంది కనుక మనిషికి తెలియదు. అందుకే ఈ జబ్బు ప్రమాదకరమైనది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదానిని మాత్రం కాపాడుకోవచ్చు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పుస్తకాల బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇంకా చదవవలసినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాను. రోగులకు ధైర్యం చెప్పడం తెలిసినవాడికి కూడా తనకు తాను చెప్పుకోవడం తేలిక కాదు. ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రివేళ కుడి కన్ను అరచేత్తో మూసుకుని పేజీ వైపు చూస్తాను. వాక్యం చివరికి వచ్చి తరువాతి పంక్తి మొదలు వెతుక్కోవలసి వచ్చినప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. అయినా క్రమం తప్పకుండా రాత్రి తొమ్మిదింటికి చుక్కల మందు వేసుకుంటున్నాను. ఇచ్చిన గడువులకు పరీక్షకు వెళుతున్నాను. చుక్క వేసుకున్న తరువాత కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచితే మందు గొంతులోకి జారిపోకుండా కంటిలో పనిచేస్తుంది. ఇప్పటివరకు చూపు అక్కడే నిలిచి ఉంది.

ఇంకొక హెచ్చరిక. కంటి దురదకు, ఎరుపుకు మందుల షాపులో అడిగి చుక్కలు కొనుక్కోవడం మనకు అలవాటు. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వైద్యుని పర్యవేక్షణ లేకుండా దీర్ఘకాలం వాడితే కంటి పీడనం పెరగవచ్చు, శుక్లం త్వరగా రావచ్చు.

ముందు జాగ్రత్తగా నేను మరొక పని చేశాను. వినడం నేర్చుకున్నాను. మా పక్కింటి పిల్లవాడు ఏడవ తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. రోజూ సాయంత్రం అరగంట నాకు ఒక కథ చదివి వినిపించాలని ఒప్పందం. మొదట్లో ఒత్తులు, గుణింతాలు తడబడుతుంటే నేను దిద్దేవాణ్ణి. ఇప్పుడు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి సంభాషణలు చదువుతూ మధ్యలో తానే పకపకా నవ్వుతాడు. ఆ తెలుగు కంటితో కంటే చెవితో చదవవలసినది. నా కన్ను సాయం అడిగింది, వాడి నాలుక సాగింది. ఎవరికి ఎవరు సాయం చేస్తున్నారో చెప్పడం కష్టం.

చదువు మెదడుకు మేలు చేస్తుందా?

ఈ ప్రశ్న మీలో చాలామంది అడుగుతుంటారు. 2003లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఒక అధ్యయనం వచ్చింది. డెబ్బై అయిదేళ్ళు దాటిన 469 మందిని అయిదేళ్ళకు పైగా గమనించారు. చదవడం, బల్లమీద ఆడే ఆటలు, సంగీత వాద్యం వాయించడం, నాట్యం అలవాటుగా ఉన్నవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. 2016లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 3,635 మందిని పన్నెండేళ్ళపాటు గమనించిన వివరాలను పరిశీలించి, పుస్తకాలు చదివేవారు చదవనివారికంటే దాదాపు రెండేళ్ళు ఎక్కువగా జీవించినట్లు ప్రకటించారు. పత్రికలు మాత్రమే చదివేవారికంటే పుస్తకాలు చదివేవారిలో ఈ మేలు స్పష్టంగా కనిపించింది.

అయితే వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. ఇవి ఇద్దరు కలిసి నడుస్తున్నారని చెప్పే అధ్యయనాలు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో గట్టిగా తేల్చేవి కావు. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా చదువుతూ ఉండవచ్చు కూడా. కనుక రక్తపోటు మాత్రకు బదులుగా నవల చదవమని నేను చెప్పను. మాత్ర వేసుకుని నవల చదవమంటాను.

చదివేవారికి కొన్ని జాగ్రత్తలు

వెలుతురు: అరవై ఏళ్ళ కంటిలో లోపలి పొరకు చేరే వెలుతురు, ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. ఇంటి మధ్యలో వెలిగే దీపం మనవడికి చాలుతుంది, తాతకు చాలదు. భుజం పక్కనుంచి పేజీమీద నేరుగా పడేటట్లు ఒక బల్లదీపం పెట్టుకోండి. అద్దాలు మార్చకుండానే చాలామందికి చదువు తిరిగివస్తుంది.

కళ్ళజోడు: నలభై దాటిన తరువాత రెండేళ్ళకొకసారి పరీక్ష చేయించుకోండి. అద్దాల నంబరుతో సరిపెట్టుకోకుండా కంటి పీడనం, దృష్టి నాడి కూడా చూడమని అడగండి. మధుమేహం ఉన్నవారు ఏటా రెటీనా పరీక్ష తప్పనిసరిగా చేయించుకోవాలి. చక్కెర అదుపులో లేనప్పుడు చూపు రోజుకొక రకంగా మారుతుంది. అప్పుడు కొత్త అద్దాలు తీసుకుంటే డబ్బు వృథా. ముందు చక్కెర, తరువాత అద్దాలు.

గళ్ళ కాగితం: పిల్లల లెక్కల పుస్తకంలోని గళ్ళ కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి, చదివే కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క కంటితో విడివిడిగా ఆ చుక్కనే చూడండి. గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో మచ్చ కనిపించినా ఆలస్యం చేయకుండా నేత్ర వైద్యుని కలవండి. రెటీనా మధ్యభాగం దెబ్బతినడానికి అది సూచన.

కూర్చునే తీరు: లావు పుస్తకాన్ని చేతులలో పట్టుకుని మెడ వంచి చదివితే మెడ నరాలు ఊరుకోవు. మన పూర్వులు వ్యాసపీఠం వాడింది ఊరికే కాదు. పుస్తకం కంటికి ఒక మూరకు కొంచెం తక్కువ దూరంలో, వాలుగా ఉండాలి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. ఎంత మంచి పుస్తకమైనా కదలకుండా మూడు గంటలు కూర్చోబెడితే కాళ్ళకు, గుండెకు మంచిది కాదు.

ఫోనులో చదివేవారికి: మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు ఆర్పే రెప్పలు తెరను చూసేటప్పుడు అందులో సగం కూడా ఆర్పవు. కళ్ళు పొడిబారి మంటపుట్టేది అందువల్లనే. గుర్తుపెట్టుకుని రెప్పలు ఆర్పండి. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు ఫోనులో ఉన్నది. అది పెద్దలకు గొప్ప వరం, వాడుకోండి. పడుకునే ముందు గంట మాత్రం కాగితం పుస్తకానికే కేటాయించండి.

పాత పుస్తకాలు: దుమ్ము, బూజు ఉబ్బసం ఉన్నవారికి పడవు. బీరువాలోనుంచి తీసిన పుస్తకాన్ని ఆరుబయట గుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టి చదవండి. వేలు నాలుకకు తడి చేసుకుని పేజీలు తిప్పే అలవాటు ఉంటే మానుకోండి. అద్దె పుస్తకం, గ్రంథాలయ పుస్తకం ఎన్ని వేళ్ళు దాటి వచ్చిందో ఎవరికి తెలుసు!

అత్యవసరమైన మాట ఒకటి. నిన్నటివరకు చక్కగా చదివిన మనిషికి ఉన్నట్టుండి అక్షరాలు గీతల్లా కనబడి, చదవడం రాకుండా పోతే దానిని అలసట అనుకోకండి. మెదడులో రక్తనాళం పూడుకుపోతే చేయి, కాలు బాగానే ఉండి చదివే శక్తి మాత్రమే పోవచ్చు. కొందరు తాము రాసినదానిని తామే చదవలేకపోతారు. ఇది పక్షవాతంలో ఒక రకం. వెంటనే 108కి ఫోను చేసి, సి.టి. స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపు ఇవ్వగలిగితేనే మేలు. ఎంత ముందుగా చేరితే అంత మంచిది. అకస్మాత్తుగా ఒక కంటి చూపు మసకబారినా, ముందు తెర పడినట్లున్నా అంతే తొందర అవసరం.

చివరిగా మీకు ఒక చిన్న పని అప్పగిస్తున్నాను. మీ ఇంట్లో అరవై దాటినవారు, ఒకప్పుడు చదివే అలవాటున్నవారు ఎవరైనా ఉంటే, వారికి ఇష్టమైన పుస్తకం ఒకటి చేతికివ్వండి. వారికి కంఠస్థమైన భాగం కాకుండా మరొకచోట తెరిచి, నాలుగు పంక్తులు పైకి చదివి వినిపించమని కోరండి. ముందు రెండు కళ్ళతో, తరువాత ఒక్కొక్క కంటితో. పరీక్ష పెడుతున్నట్లు కాకుండా, వినాలని ఉన్నట్లు అడగండి. నిజంగానే వినండి. తడబడితే ఈ వారంలోనే కంటి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. తడబడకుండా చదివితే మధ్యలో ఆపకండి, ఆ కథ పూర్తయ్యేవరకు పక్కన కూర్చోండి.